బండి కదలని ఉదయం: బ్యాటరీ చరిత్ర నేర్పే పరీక్ష



జనవరి నెలలో జంషెడ్‌పూర్‌లో ఒక తెల్లవారుజామును ఊహించుకోండి. చలి బాగా ఉంది. ఉదయం షిఫ్టుకు బయలుదేరిన ఒక కార్మికుడు కారులో కూర్చుని తాళం తిప్పాడు. 'టక్' మని ఒక చప్పుడు వచ్చింది, అంతే. ఇంజను తిరగలేదు. ముందు దీపాలు వేసి చూశాడు. అవి చక్కగా వెలుగుతున్నాయి. "దీపాలు వెలుగుతున్నాయి కాబట్టి బ్యాటరీ బాగానే ఉంది" అనుకున్నాడు. ఆయన తర్కంలో లోపం ఉందా? ఈ ప్రశ్నకు జవాబు బ్యాటరీ చరిత్రలో దొరుకుతుంది.

జంషెడ్‌పూర్ అనగానే మనకు ఉక్కు గుర్తుకు వస్తుంది. 1907లో ఏర్పడిన టాటా ఉక్కు కంపెనీ చుట్టూ ఈ నగరం పెరిగింది. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు పని కోసం ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాయి. ఉక్కుతో పాటు ఈ నగరానికి మోటారు వాహనాల చరిత్ర కూడా ఉంది. రైలు ఇంజన్ల తయారీ కోసం 1945లో ఏర్పడిన టెల్కో, 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సహకారంతో ఇక్కడ లారీల తయారీ ప్రారంభించింది. 2003లో ఆ సంస్థ పేరు టాటా మోటార్స్‌గా మారింది. లారీలు తయారయ్యే ఊరైనా, చలికాలపు ఉదయం మొరాయించే బండ్లు అక్కడా ఉంటాయి!

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళదాం. 1800లో ఇటలీ శాస్త్రజ్ఞుడు వోల్టా తొలి విద్యుత్ ఘటమాలను ప్రకటించాడు. అది ఒకసారి వాడితే అయిపోయేది. 1859లో ఫ్రాన్స్ శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే సీసపు రేకులను పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ఉంచి, మళ్ళీ మళ్ళీ ఛార్జి చేసుకోగల ఘటాన్ని రూపొందించాడు. 1881లో కామిల్ ఫోర్ ఆ రేకులపై సీసపు ఆక్సైడు ముద్దను పూసి, దాని సామర్థ్యాన్ని ఎంతో పెంచాడు. ఈనాటి కారులో ఉండే 12 వోల్టుల బ్యాటరీ ఆ ఘటం సంతతే. సుమారు 2.1 వోల్టులిచ్చే ఘటాలు ఆరు, శ్రేణిలో కలిపి ఉంటాయి.

తొలినాళ్ళ కార్లలో ఇంజనును తిప్పే పని బ్యాటరీది కాదు, మనిషిది. ముందువైపు హ్యాండిల్ పెట్టి బలంగా తిప్పాలి. ఒక్కోసారి ఇంజను వెనక్కి తన్నితే తిప్పేవాడి చెయ్యి విరిగేది. ఈ బాధను తప్పించినవాడు అమెరికా ఇంజనీరు చార్లెస్ కెటరింగ్. ఆయన అంతకుముందు దుకాణాల్లో వాడే నగదు యంత్రానికి విద్యుత్ మోటారు అమర్చాడు. డబ్బు పెట్టె తెరవడానికి మోటారు రోజంతా తిరగనక్కరలేదు, క్షణంపాటు గట్టిగా పనిచేస్తే చాలు. అదే ఆలోచనతో 1911లో కారుకు విద్యుత్ స్టార్టరు తయారుచేశాడు. 1912 నమూనా కాడిలాక్ కార్లలో అది వచ్చింది.

ఆ మార్పుతో బ్యాటరీకి కొత్త బరువు పడింది. రెండు ముందు దీపాలకు సుమారు 10 ఆంపియర్ల ప్రవాహం చాలు. చిన్న కారు స్టార్టరుకు మాత్రం కొన్ని క్షణాలపాటు 150 ఆంపియర్ల దాకా కావాలి. పెద్ద లారీకి ఇంకా ఎన్నో రెట్లు కావాలి.

1827లో ఓమ్ ప్రచురించిన నియమాన్ని ఇక్కడ ఉపయోగించండి. ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ అంతర్నిరోధం 0.01 ఓమ్ అనుకుందాం. 150 ఆంపియర్లు ప్రవహిస్తే లోపలే నష్టపోయేది 1.5 వోల్టులు. మిగిలిన 11 వోల్టులతో ఇంజను తిరుగుతుంది. బ్యాటరీ పాతబడి నిరోధం 0.04 ఓమ్‌కు పెరిగిందనుకోండి. దీపాలు వేసినప్పుడు నష్టం 0.4 వోల్టు మాత్రమే, కంటికి తేడా తెలియదు. అదే 150 ఆంపియర్లు కావాలంటే 6 వోల్టులు లోపలే పోవాలి. మిగిలినదానితో స్టార్టరు సరిగా తిరగలేదు. మన కార్మికుడి పొరపాటు ఇదే. విశ్రాంతిలో ఉన్న బ్యాటరీని చూసి తీర్పు చెప్పాడు. బ్యాటరీని పనిలో ఉండగా పరీక్షించాలి.

అందుచేత దీపాలు వేసి ఉంచి, తాళం తిప్పుతూ గమనించండి. దీపాలు బాగా మసకబారితే బ్యాటరీ బలహీనమైంది, లేదా దాని కనెక్షన్లు సరిగా లేవు. టకటకమని వరుసగా చప్పుడు వచ్చినా అదే అనుమానం. దీపాలు ఏమాత్రం తగ్గకుండా, చప్పుడు కూడా లేకపోతే ప్రవాహం స్టార్టరు దాకా చేరడం లేదు. ఇంజను జోరుగా తిరుగుతూ అందుకోకపోతే బ్యాటరీని నిందించకండి. లోపం ఇంధనంలోనో, జ్వలన వ్యవస్థలోనో ఉండవచ్చు.

తరువాత టర్మినళ్ళు చూడండి. తెల్లని, పచ్చని పొడి పేరుకున్నా, బిగింపు వదులైనా నిరోధం పెరుగుతుంది. శుభ్రం చేసి బిగిస్తే ఒక్కోసారి బండి అక్కడికక్కడే కదులుతుంది.

ఇప్పుడు వోల్టుమీటరు. కొన్ని గంటలు విశ్రాంతిగా ఉన్న బ్యాటరీలో 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 ఉంటే సగం, 12కు దిగితే దాదాపు ఖాళీ. స్టార్టరు తిరిగేటప్పుడు 9.6 కంటే తగ్గకూడదు. ఖాళీ అయిన బ్యాటరీ చెడిపోయిన బ్యాటరీ కాదు. ముందు పూర్తిగా ఛార్జి చేసి, మళ్ళీ పరీక్షించాలి. ఇంజను నడుస్తున్నప్పుడు సాధారణంగా 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య కనిపించాలి. అంతకంటే బాగా తక్కువుంటే ఛార్జి చేయవలసిన ఆల్టర్నేటరును అనుమానించాలి.

మూతలు తీయగల బ్యాటరీకి హైడ్రోమీటరు ఉపయోగిస్తారు. ఎందుకు? బ్యాటరీ ఖాళీ అయ్యేకొద్దీ రెండు రకాల పలకలపైనా సీసపు సల్ఫేటు ఏర్పడుతుందని 1882లో గ్లాడ్‌స్టన్, ట్రైబ్ వివరించారు. ఆమ్లం ఖర్చై నీరు పెరుగుతుంది, సాంద్రత తగ్గుతుంది. నిండు ఘటంలో సాపేక్ష సాంద్రత 1.27 దగ్గర ఉంటుంది. ఆరింటిలో ఒక్కటి మాత్రం బాగా తక్కువ చూపితే ఆ ఘటం చెడినట్టే.

చలికాలంలోనే బండ్లు ఎందుకు మొరాయిస్తాయి? చలికి రసాయన చర్య మందగిస్తుంది, ఇంజను నూనె చిక్కబడుతుంది. కాని పలకలను తినేసి, నీటిని ఆవిరి చేసేది వేసవి ఎండ. జంషెడ్‌పూర్‌లో వేసవి 40 డిగ్రీలు దాటుతుంది. ఎండాకాలం చేసిన హాని చలికాలంలో బయటపడుతుంది.

ఇదంతా ఒక్క బండి సమస్య కాదు. తొందరపడి తీసిపారేసిన ప్రతి బ్యాటరీలో కిలోలకొద్దీ సీసం ఉంటుంది. దాన్ని పెరట్లో కరిగిస్తే ఆ విషం ముందుగా పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. అందుకే మన దేశంలో 2001లోనూ, 2022లోనూ పాత బ్యాటరీల సేకరణకు నియమాలు తెచ్చారు. సరైన పరీక్ష డబ్బునూ కాపాడుతుంది, ఊరి గాలినీ మట్టినీ కాపాడుతుంది.

ఒక హెచ్చరిక. ఛార్జి అయ్యేటప్పుడు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. దగ్గర అగ్గిపుల్ల గీయకండి. ఆమ్లం కంట్లో పడితే చూపు పోవచ్చు. పెద్దవారు తోడు లేకుండా మూతలు తెరవకండి.

మీ వీధి చివర బ్యాటరీ దుకాణం ఉంటే ఒకసారి వెళ్ళండి. మెకానిక్కు ఏ పరీక్షను ముందు చేస్తాడో, ఏది తరువాత చేస్తాడో రాసుకోండి. ప్లాంటే, ఓమ్, కెటరింగ్‌లలో ఎవరెవరు ఏ పరీక్ష వెనుక ఉన్నారో గుర్తించండి.