డెబియన్ భాండాగారమున నాల్గవ గది

కంప్యూటరుకు కావలసిన ప్రోగ్రాములను ఒక్కొక్కటిగ వెదకి తెచ్చుకొను శ్రమ లేకుండ, పేరు చెప్పినంతనే తెచ్చి అమర్చు సాధనమును ప్యాకేజీ మేనేజరు అందురు. ఒక ప్రోగ్రాము పనిచేయుటకు మరి నాలుగు కావలసియున్నచో వానినిగూడ అదియే తెచ్చును. వాడుకరికి అది చూపు పట్టికయే లోకము. పట్టికలో లేనిది చాలమందికి లేనట్లే. కనుక అందు దేనిని చూపవలెను, ఏ పేరు పెట్టి చూపవలెను అను ప్రశ్న పైకి చిన్నదిగ తోచినను, దానిపై డెబియన్ బృందము ఇరువదియైదేండ్లు వాదించుకొనినది.

డెబియన్‌ను 1993 ఆగస్టు 16న అమెరికాలో ఇయాన్ మర్డాక్ అను విద్యార్థి ప్రారంభించెను. లినక్స్ ఆధారముగ గల ఈ వ్యవస్థను ప్రపంచమందంతట గల స్వచ్ఛంద కార్యకర్తలు నిర్మించుచున్నారు. వారి పట్టుదల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. అనగా దేని సోర్స్ కోడును ఎవరైనను చదువవచ్చునో, మార్చవచ్చునో, పదిమందికి పంచవచ్చునో అట్టిది. ఇంగ్లీషులో స్వేచ్ఛకును ఉచితమునకును ఒకటే మాట యగుటచే అచట ఎంతో గందరగోళము పుట్టినది. తెలుగువారికి ఆ చిక్కు లేదు. డబ్బు తీసికొనకుండ ఇచ్చిన ప్రోగ్రాము ఉచితమే కావచ్చును. సోర్స్ కోడును దాచియుంచినచో అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు.

1997 జులైలో డెబియన్ బృందము సామాజిక ఒడంబడిక యొకటి ఆమోదించినది. దాని చిత్తుప్రతిని తయారుచేసినవాడు బ్రూస్ పెరెన్స్. డెబియన్ పూర్తిగ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గనే ఉండునని మొదటి వాగ్దానము. అయితే కొందరు వాడుకరులకు స్వేచ్ఛ లేని ప్రోగ్రాములు కూడ కావలసివచ్చునని అయిదవ వాగ్దానము ఒప్పుకొనినది. ఈ రెంటిని పొసగించుటకై భాండాగారమును మూడు గదులుగ ఏర్పరచిరి. మెయిన్ అనునదియే అసలు డెబియన్. స్వేచ్ఛ లేని ప్రోగ్రాములకు నాన్‌ఫ్రీ. తాము స్వేచ్ఛగలవే యైనను, స్వేచ్ఛ లేని మరియొక దానిపై ఆధారపడు ప్రోగ్రాములకు కంట్రిబ్. తరువాతి రెండును డెబియన్‌లో భాగములు కావు. డెబియన్ సర్వర్లలో నుండుట మాత్రము నిజము.

గదులు వేరుచేసినంత మాత్రమున పని ముగియలేదు. ప్రతి ప్యాకేజీయందును తనకు సంబంధించిన ఇతర ప్యాకేజీల పేర్లు వ్రాసియుండును: ఇవి తప్పనిసరి, ఇవి ఉన్న మేలు, ఇవి కావలసినచో చూడుడు అని మూడు మెట్లు. మెయిన్‌లోని ప్యాకేజీ స్వేచ్ఛ లేని దానిని తప్పనిసరియని గాని, మేలని గాని ముందుకు త్రోయరాదు. కావలసినచో చూడుడని చెప్పవచ్చును. ఇది మాటల పట్టింపు కాదు. 2009లో వెలువడిన లెనీ సంచిక నుండి మేలన్నవానినిగూడ మేనేజరు అడుగకయే అమర్చుచున్నది. ఒక్క మెట్టు తేడాలో వాడుకరి ఎన్నుకొనుటయు, ఎరుగకయే పొందుటయు ఇమిడియున్నవి.

రిచర్డ్ స్టాల్‌మన్ స్థాపించిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఈ ఏర్పాటుతో తృప్తిపడలేదు. పట్టిక వెదకువానికి నాన్‌ఫ్రీ గదియు కంటబడుచున్నది గదా యని దాని ఆక్షేపణ. అది మెచ్చుకొను గిక్స్ వంటి వ్యవస్థలలో అట్టి గదియే ఉండదు. కంప్యూటరులో చేరిన స్వేచ్ఛ లేని ప్యాకేజీలను ఏరి చూపు చిన్న ప్రోగ్రామునకు డెబియన్‌వారు పరిహాసముగ స్టాల్‌మన్ పేరే పెట్టియుండిరి. 2004లో నాన్‌ఫ్రీ గదిని మూసివేయవలెనను ప్రతిపాదన ఓటునకు వచ్చి వీగిపోయినది.

అసలు చిక్కు ఫర్మ్‌వేర్ వద్ద వచ్చినది. వైఫై కార్డు వంటి పరికరములు పనిచేయుటకై వానిలోనికి ఎక్కింపవలసిన ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. వానిలో పెక్కింటి సోర్స్ కోడును తయారీదారులు ఇయ్యరు. 2011 ఫిబ్రవరిలో వెలువడిన స్క్వీజ్ సంచికలో ఇట్టివానిని లినక్స్ కెర్నెల్ నుండి తొలగించి నాన్‌ఫ్రీ గదికి పంపిరి. సిద్ధాంతము నిలిచినది, వాడుకరి మాత్రము నడివీధిలో నిలిచెను. ఫర్మ్‌వేర్ లేనిదే వైఫై పనిచేయదు, వైఫై లేనిదే ఫర్మ్‌వేర్ రాదు. పిచ్చి కుదిరితేగాని పెండ్లి కుదరదు, పెండ్లి కుదిరితేగాని పిచ్చి కుదరదు అన్నట్లయినది. చూపులేనివారి కష్టము ఇంకను పెద్దది. సౌండ్ పరికరమునకే ఫర్మ్‌వేర్ కావలసినచో, తెరపైని మాటలను చదివి వినిపించు సౌకర్యము ఇన్‌స్టలేషన్ వేళనే మూగవోవును. ఫర్మ్‌వేర్ చేర్చిన సీడీ ప్రతులను అనధికారికమని పేరు పెట్టి, సులభముగ దొరకనిచోట ఉంచిరి. నిజాయితీకి చేసిన ఈ యేర్పాటు దాపరికముగ పరిణమించినదనుట తప్పు కాదు. పైగా ఒక్క వైఫై ఫర్మ్‌వేర్ కొరకు నాన్‌ఫ్రీ గది తలుపు తెరచినవానికి ఆ గదిలోని సమస్తమును పట్టికలో ప్రత్యక్షమయ్యెడిది.

2022లో దీనిపై మరల ఓటు జరిగినది. ఒడంబడికను మార్చుటకు ఒకటికి మూడుగ, అనగా వ్యతిరేకులకు మూడు రెట్లు అనుకూలురు కావలెను. అది లభించినది. అధికారిక ప్రతిలోనే ఫర్మ్‌వేర్ ఉండవచ్చుననియు, అవసరమైనచోట దానంతటదే పనిచేయుననియు, వలదనువాడు ఆపుకొనుటకు వీలుండవలెననియు నిశ్చయించిరి. ఏ ఫర్మ్‌వేర్ ఎక్కినదో వాడుకరికి తెలిపి, ఆ వివరమును తరువాత చూచుకొనుటకై కంప్యూటరులో భద్రపరుపవలెనని కూడ తీర్మానించిరి. 2023 జూన్ 10న వెలువడిన బుక్‌వర్మ్ సంచికలో ఫర్మ్‌వేర్‌కు మాత్రమే ప్రత్యేకించిన నాల్గవ గది వచ్చినది. పాత సంచికలో నాన్‌ఫ్రీ గదినుండి ఫర్మ్‌వేర్ తెచ్చుకొనినవారు, క్రొత్త సంచికకు మారునపుడు ఆ గది పేరును తమ మేనేజరు పట్టికలో తామే వ్రాసికొనవలసియుండెను.