టెస్టింగ్ ఎవరు చెయ్యాలి?

మొన్నామధ్య మా అక్వేరియం కోసం ఒక మందు సీసా కొన్నాను. "24 గంటల్లో నీళ్ళు చేపలకు సిద్ధం" అని రాసుంది. ఎవరు పరీక్షించారా అని సీసా తిప్పి తిప్పి చూశాను.. తయారుచేసినవాడి మాట తప్ప ఇంకేం లేదు. మూడు చేపలు పోయాయి. తప్పు సీసాదా, నాదా? తేల్చుకునే దారే లేదు.

మన ఆఫీసుల్లో కోడ్ రాసినవాడే "నా మెషీన్ మీద బాగానే నడుస్తోంది" అంటే రిలీజ్ చేసేస్తామా? చెయ్యం కదా. చేపలంటే సరదా. అదే రైతు కొనే విత్తనమైతే? ఆ ప్రశ్న ఇరవయ్యేళ్ళ క్రితమే అడిగినవాళ్ళు మా జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో ఉన్నారు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ.

2002 మార్చిలో కేంద్రం బీటీ పత్తికి అనుమతిచ్చింది. మహికో-మోన్‌శాంటో టెక్నాలజీతో మెక్-12, మెక్-162, మెక్-184 అని మూడు రకాలు. 450 గ్రాముల ప్యాకెట్ 1600 రూపాయలు. 2003 ఫిబ్రవరిలో మాటిన్ కైమ్, డేవిడ్ జిల్బర్‌మన్ 'సైన్స్' పత్రికలో దిగుబడి 80 శాతం పెరిగిందని రాశారు. కానీ ఆ లెక్కలు 2001 నాటి కంపెనీ ట్రయల్స్‌వి. మన రాష్ట్రం పొలాలు అందులో లేవు.

పస్తాపూర్ వాళ్ళు వరంగల్ వెళ్ళారు. వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన అబ్దుల్ ఖయ్యూం, కిరణ్ సక్కరి 2002 నుంచి మూడేళ్ళు లెక్కలు తీశారు. పురుగు చచ్చిందా అని మాత్రమే కాదు.. విత్తనానికెంత, మందులకెంత, చివరికి రైతు చేతిలో మిగిలిందెంత అని. మామూలు పత్తి వేసినవాళ్ళకే ఎక్కువ మిగిలిందని తేల్చారు. సొసైటీలోని దళిత మహిళలు, చాలామంది బడి మొహం చూడనివాళ్ళు, కెమెరా పట్టుకుని రైతుల మాటలు సినిమాగా తీశారు.

2005 మేలో జీఈఏసీ ఆ మూడు రకాలకీ ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి పొడిగించలేదు. ఈ నివేదిక ఒక్కదాని వల్లే అనను, రాష్ట్ర ప్రభుత్వం కూడా ఫిర్యాదు చేసింది.

ఇంకో వైపు కూడా చెప్పాలి. సొసైటీ మొదట్నుంచీ జన్యుమార్పిడి పంటలకు వ్యతిరేకం. తర్వాత వేరే బీటీ రకాలొచ్చి దేశంలో పత్తి పొలాల్లో 90 శాతం పైగా ఆక్రమించాయి. లాభం వచ్చిందన్న అధ్యయనాలూ ఉన్నాయి. 2010లో గులాబీ పురుగు గుజరాత్‌లో తట్టుకోవడం నేర్చిందని మోన్‌శాంటోనే ఒప్పుకుంది.

అంటే అమ్మేవాడి టెస్ట్ చాలదు, వ్యతిరేకించేవాడి టెస్టూ చాలదు. ఇద్దరి డబ్బూ ముట్టనివాడు, వాడేవాడి పొలంలోనే, ఏళ్ళ తరబడి పరీక్షించాలి, లెక్కలు బయట పెట్టాలి. ఆ పని చెయ్యాల్సినవాళ్ళు చెయ్యకపోబట్టే కదా పస్తాపూర్ నుంచి ఆడవాళ్ళు కెమెరా మోసుకుని అంత దూరం వెళ్ళాల్సొచ్చింది!

నాకు పోయినవి మూడు చేపలు. రైతుకి పోయేది ఒక ఏడాది. మీరేమంటారు?