పేరులో మిగిలిన చెట్లు

మన భాషలోని రంగుల పేర్లను ఒకసారి నెమరువేసుకొని చూడండి. పసుపు ఒక దుంప. రంగు పేరూ అదే. నీలి ఒక మొక్క. రంగు పేరూ అదే. కాషాయమన్నది కషాయం నుండి వచ్చిన మాట. పెళ్ళికూతురి పాదాలకు పెట్టే లత్తుక సంస్కృతంలోని అలక్తకమే, లక్క ఇచ్చిన ఎరుపు. ఇక కనకాంబరం రంగు, వంకాయ రంగు, ఉల్లిపొర రంగు, మామిడిచిగురు రంగు అంటూ చీరల అంగడిలో ఆడవారు అడిగే పేర్లన్నీ మన పెరటిలోనివే. కళాస్వాదన అనేది ఎక్కడో నేర్వవలసిన వేరే విద్య అని భయపడేవారికి నేను ఈ పేర్లనే గుర్తుచేస్తుంటాను. తోటను ఎరిగినవారికి రంగు పరాయిది కాదు.

మా నివాసం విశాఖపట్నంలో, ఆటోనగర్ దాపున. ఇక్కడా రంగులకు కొదువ లేదు. లారీ బాడీలు కట్టే షెడ్లలో తలుపుల మీద తామరపూలు, నెమళ్ళు దిద్దే పెయింటర్ల పనితనం నిలబడి చూడదగినదే. కాని ఆ రంగు డబ్బాలో వస్తుంది. అది దేని నుండి పుట్టిందో వేసేవారికీ తెలియదు, చూసేవారికీ తెలియదు. ఈ తెలియకపోవడానికి నూటయాభై ఏళ్ళకు మించిన వయస్సు లేదు.

అంతకు పూర్వం లోకమే రంగుల కోసం మన తీరానికి వచ్చేది. 1611లో ఇంగ్లీషువారి ‘గ్లోబ్’ ఓడ పేటపోలికి, అనగా నేటి నిజాంపట్నానికి, అక్కడి నుండి మచిలీపట్నానికి చేరింది. డచ్చివారు అప్పటికే వచ్చి ఉన్నారు. వారందరికీ కావలసినవి మన అద్దకపు బట్టలు. ఆ బట్టలలోని ఎరుపు చిరివేరుది. చూడబోతే అల్పమైన మొక్క. గుల్లల సున్నం కలిసిన నేలలో పెరిగితే మాత్రం దాని వేరు చిక్కని ఎరుపునిస్తుంది. గుడ్డ మీద పటిక అద్దిన చోటనే ఆ ఎరుపు నిలిచి, తక్కిన చోట ఉతుకులో పోతుంది. ఇంతటి రసాయన శాస్త్రం అక్షరాలు రానివారి చేతులలో ఉండేది!

1856లో లండనులో పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు క్వినైన్ తయారు చేయబోయి ఊదారంగును కనుగొన్నాడు. చిరివేరులోనూ మంజిష్ఠలోనూ ఉన్న ఎరుపు పదార్థాన్ని 1868లో జర్మన్లు ప్రయోగశాలలో సృష్టించారు. 1897లో కృత్రిమ నీలి కూడ అంగడికెక్కింది. తరువాతి కథ చెప్పనక్కరలేదు. పేర్లు మన నోట నిలిచాయి, మొక్కలు చేలను విడిచిపోయాయి.

మళ్ళీ మొక్క రంగులోనికి తిరిగివచ్చిన చోటు మాకు దగ్గరలోనే ఉన్నది. ఏలమంచిలికి సమీపాన వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక అది. 2022 వరకు మా విశాఖ జిల్లాలోనిదే, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోనిది. అక్కడి బొమ్మకు కుంచె అక్కరలేదు. లేత్ మీద తిరుగుతున్న అంకుడు కర్రకు రంగు కలిపిన లక్కను ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను అంటుకుంటుంది. పిదప మొగలి ఆకుతో రుద్దితే మెరుపు తేలుతుంది. ఆటోనగర్‌లో ఇనుప షాఫ్టులు చెక్కే లేతులను నిత్యం చూసే నాకు, అదే చక్రం కుంకుమ భరిణెను కూడ కనగలదంటే ముచ్చటగా ఉంటుంది.

ఈ లక్కలోనికీ నడుమ కాలంలో రసాయనపు రంగులు చొరబడ్డాయి. పసిబిడ్డ బొమ్మను ముందు నోటితోనే పరిచయం చేసుకుంటాడు కదా! ఆ రంగులో సీసం వంటిది ఉంటే ఆటవస్తువే విషమవుతుంది. చింతలపాటి వెంకటపతిరాజు గారు పనివారితో కలిసి పసుపు, నీలి, జాఫరా గింజల వంటివాటితో రంగులు కట్టే పద్ధతిని మళ్ళీ నిలబెట్టారు. మొక్కలన్నీ పచ్చనివే అయినా నిలిచే ఆకుపచ్చ కోసం పసుపులో నీలిని కలపవలసిందే. పసుపునూ ఆకురంగునూ కూడ ‘పచ్చ’ అనే ఒక్క మాటతో పిలిచిన మన పూర్వులకు ఈ చుట్టరికం తెలిసే ఉంటుందని నా ఊహ.

2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించింది. 2023లో రాజు గారికి పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఈ బొమ్మలే ఊరేగాయి. సంతోషమే. కాని బొమ్మకు ఒళ్ళయిన అంకుడు మాటేమిటి? దాని శాస్త్రీయ నామంలోని ‘టింక్టోరియా’ అనే లాటిన్ మాటకు రంగు అద్దేది అని అర్థం. పూర్వం దాని ఆకుల నుండి కూడ నీలిరంగు తీసేవారు. అంతటి చెట్టును కొండల మీద నుండి కొట్టి తేవడమే కాని నాటి పెంచడం తక్కువ. కర్ర దొరకడం లేదని పనివారు ఏళ్ళుగా చెబుతున్నారు. శకటం ఒక పూటలో దాటిపోయింది. ఈ ఏడు నాటిన అంకుడు మొక్క లేత్ ఎక్కడానికి ఇంకా ఎన్నో వానలు కురవాలి.