పేర్లు లేని సంస్థకు ప్రత్యేక సంచిక

జూబిలీ సంచిక అంటే మనకో పద్ధతుంది. ముందు వ్యవస్థాపకుల ఫోటో, తర్వాత మంత్రిగారి శుభాకాంక్షలు, చివర్లో దాతల జాబితా, నగల దుకాణాల ప్రకటనలు. తాగుడు మానాలనుకునేవాళ్ల సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) గురించి రాయబోతే ఇందులో ఒక్కటీ పనికిరాదు. సభ్యుల పూర్తి పేర్లు, ఫోటోలు అచ్చులో రాకూడదు. బయటివాళ్ల దగ్గర పైసా పుచ్చుకోకూడదు. బయటి వివాదాల్లో ఏ పక్షమూ పట్టకూడదు. వీటిని ‘పన్నెండు సంప్రదాయాలు’ అంటారు. 1950లో క్లీవ్‌లాండ్ మహాసభలో ఆమోదించారు. చరిత్ర రాసేవాణ్ణి ఇంతగా ఇబ్బంది పెట్టే సంస్థ మరోటి ఉండదేమో.

అయినా చరిత్ర ఉంది, అదీ ఫోన్లతో మొదలైంది. 1935 మేలో న్యూయార్క్ షేర్ల వ్యాపారి బిల్ విల్సన్ పనిమీద ఒహాయోలోని ఏక్రన్ వెళ్లాడు. పని చెడింది. తాగుడు మానేసి అప్పటికి ఐదు నెలలు. మేఫ్లవర్ హోటల్లో బారు పిలుస్తోంది. లోపలికి అడుగు పెట్టకుండా చర్చిల జాబితా చూసి ఫోన్లు తిప్పాడు. అతను వెతికింది డాక్టర్ని కాదు, పాస్టర్ని కాదు, తనలాంటి ఇంకో తాగుబోతుని. చివరికి దొరికినవాడు సర్జన్ బాబ్ స్మిత్. పావుగంటకు మించి కూర్చోనని వచ్చిన ఆ డాక్టరు గంటల తరబడి మాట్లాడాడు. ఆయన ఆఖరి గుక్క తాగిన రోజుగా చెప్పే 1935 జూన్ 10నే సంస్థ పుట్టినరోజుగా లెక్కిస్తారు. రిజిస్ట్రేషను తేదీ కాదు, భవనానికి కొబ్బరికాయ కొట్టిన తేదీ కాదు. ఒక మనిషి మానేసిన తేదీ.

మన దేశంలో ఈ సంస్థ 1957లో బొంబాయిలో మొదలైంది. ఆ సంగతి దగ్గర కాస్త ఆగాలి. అప్పుడు బొంబాయి రాష్ట్రంలో 1949 చట్టం కింద మద్యనిషేధం అమల్లో ఉంది. చట్టం మందునే నిషేధించిన నగరంలో, మందు మానలేనివాళ్ల సంఘం వేళ్లూనుకుంది! దుకాణం మూయించడం వేరు, దాహం తీరడం వేరని ఇంతకంటే తేటగా ఎవరు చెబుతారు?

ఈ విషయంలో మనకూ అనుభవం తక్కువ కాదు. 1937లో సేలంలో మొదలైన మద్రాసు ప్రభుత్వ నిషేధం మరుసటి ఏడాదికే చిత్తూరు, కడప జిల్లాలకు వచ్చింది. 1954లో ప్రకాశంగారి ప్రభుత్వం పడిపోయింది కూడా నిషేధం గొడవ మీదే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా ఆగింది, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో సడలింది. ఆ ఉద్యమాన్ని చిన్నబుచ్చే ఉద్దేశం నాకు లేదు. జీతం రాళ్లు ఇంటికి చేరేలా పోరాడింది ఆ ఆడవాళ్లే. కానీ సారా దుకాణం మూతపడ్డ రాత్రి చేతులు వణుకుతూ కూర్చున్న మగవాడి దగ్గరికి ఎవరు వెళ్లారు? ఏఏ చేసే పని ఆ ఒక్కటే. నిషేధం మంచిదా చెడ్డదా అని అడిగితే ఆ సంస్థ నోరు విప్పదు.

వణుకు గురించి ఒక మాట. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగి ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అలాంటివాళ్లు ముందు ఆసుపత్రికి వెళ్లాలి. మీటింగు వైద్యానికి ప్రత్యామ్నాయం కాదు.

ఇక మీటింగు పట్టుకోవడం. బయట పెద్ద బోర్డు ఉండాలని లేదు. ఏదో బడి గదో, చర్చి వెనక హాలో అద్దెకు తీసుకుని, వారంలో ఫలానా సాయంత్రం గంటో గంటన్నరో కూర్చుంటారు. అందుకే అడిగి తెలుసుకోవాలి. ఎర్రగడ్డ, విశాఖ మానసిక వైద్యశాలల్లోనో, దగ్గర్లోని డీఅడిక్షన్ సెంటర్లోనో అడగవచ్చు. ప్రభుత్వ ఉచిత నంబరు 14446కి ఫోన్ చేసినా దారి చెబుతారు. చిన్న ఊళ్లలో ఇబ్బంది దూరం కాదు, చూపులు. ఎవరి బండి ఎక్కడ ఆగిందో సాయంత్రానికల్లా ఊరంతా తెలిసే చోట గుట్టు ఎలా నిలుస్తుంది? పక్క ఊరి బస్సెక్కి అక్కడి మీటింగుకి వెళ్లడం తప్పేమీ కాదు.

‘ఓపెన్’ మీటింగుకు ఎవరైనా వెళ్లవచ్చు, ‘క్లోజ్డ్’ మాత్రం తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. ఫీజు లేదు, చేర్చుకునే ఫారం లేదు. మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. మొదటిరోజు మాట్లాడాలన్న నిబంధన లేదు, వింటూ కూర్చోవచ్చు. ఒకరు చెబుతుంటే మిగతావాళ్లు అడ్డురారు, సలహాలు గుప్పించరు. మనవాళ్లకు ఇదే కష్టం! ఇద్దరు కూర్చుంటే మూడో నిమిషంలో సలహా మొదలెట్టే జాతి మనది. జారిపడి మళ్లీ తాగినవాణ్ణి కూడా గెంటెయ్యరు, కుర్చీ చూపిస్తారు. ఒక గ్రూపు నచ్చకపోతే ఇంకోటి చూసుకోవచ్చు. గ్రూపు గ్రూపుకీ తీరు మారుతుంది.

ఇంట్లో ఆడవాళ్ల సంగతి ఈ చరిత్రలో ఆలస్యంగా వచ్చింది. భర్తలు లోపల మాట్లాడుకుంటుంటే వంటింట్లో కాఫీ కాస్తూ ఎదురుచూసిన భార్యలు తమలో తాము మాట్లాడుకోవడం మొదలెట్టారు. దాన్నుంచే 1951లో బిల్ భార్య లోయిస్, మరొకామె కలిసి అల్-అనాన్‌ని ఒక సంస్థగా నిలబెట్టారు. అది తాగేవాళ్ల కుటుంబాల కోసం. దానికి వెళ్లడానికి ఇంటాయన మానేసి ఉండక్కర్లేదు. ఆయన ఇంకా తాగుతున్నా, మీటింగు పేరెత్తితే కోప్పడుతున్నా, ఆమె వెళ్లవచ్చు.