పోస్ట్‌మెట్రిక్ ఉపకార వేతనాలు (తిరుపతి, చిత్తూరు ప్రాంతం)

పదో తరగతి దాటి చదివే ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, ఇతర పేద కుటుంబాల పిల్లలకు ప్రభుత్వం ఇచ్చే ఆర్థిక సాయం. కాలేజీ ఫీజు భాగాన్ని ఆర్టీఎఫ్ అని, తిండి, వసతి ఖర్చుల భాగాన్ని ఎంటీఎఫ్ అని రికార్డుల్లో రాస్తారు. జనం నోట మొదటిది ‘ఫీజు రీయింబర్స్‌మెంటు’, రెండూ కలిపి ‘స్కాలర్‌షిప్పు’. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారినప్పుడల్లా పథకం పేరూ మారుతుంది కాబట్టి ఈ వాడుక మాటలే నిలకడగా ఉన్నాయి.

ఎస్సీ విద్యార్థులకు కేంద్రం ఈ పథకాన్ని 1944లో మొదలుపెట్టింది. డాక్టర్ అంబేద్కర్ అప్పుడు వైస్రాయ్ కార్యనిర్వాహక మండలి సభ్యుడు; తాను 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లింది కూడా బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్పుతోనే. సరిగ్గా ఆ 1944లోనే అమెరికాలో టస్కిగీ విద్యాసంస్థ అధ్యక్షుడు ఫ్రెడరిక్ ప్యాటర్సన్ 27 నల్లజాతి కళాశాలలను కూడగట్టి యునైటెడ్ నీగ్రో కాలేజ్ ఫండ్ స్థాపించాడు. అక్కడ నిధి చందాలతో, కళాశాలల చుట్టూ పెరిగింది. ఇక్కడ ఖజానా డబ్బు, విద్యార్థి ఏ కాలేజీలో చేరితే అక్కడికి వెంట వెళ్తుంది.

తిరుపతిలో ఆ కాలేజీలకు కొదవ లేదు. దేవస్థానం వారి ఎస్వీ ఆర్ట్స్ కాలేజీ 1945 నాటిది, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954 నాటిది. ఆడపిల్లల కోసమే 1983లో ఏర్పడిన శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, ఒక వర్గం కోసమే నడిచే విద్యాసంస్థ కావడంలో, పైన చెప్పిన అమెరికా నమూనాకు కాస్త దగ్గర. 2020 డిసెంబరులో జీవో 77 ప్రైవేటు కాలేజీల పీజీ విద్యార్థులను పథకం నుంచి తప్పించాక, పేద పిల్లలకు ఇలాంటి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో సీటు మరింత విలువైనదైంది.

పథకం చరిత్రలో అసలు తగవు డబ్బు ఎవరి ఖాతాలో పడాలన్నదే. మొదట ఫీజు కాలేజీలకే వెళ్లేది. 2020లో వచ్చిన జగనన్న విద్యా దీవెన దాన్ని తల్లుల ఖాతాలకు మళ్లించింది. తల్లి కాలేజీకి కట్టాలి. తిండి, వసతి ఖర్చుల భాగానికి పెట్టిన వసతి దీవెన కింద ఏడాదికి ఐటీఐ వారికి 10,000, పాలిటెక్నిక్ వారికి 15,000, డిగ్రీ, ఆపై చదువులకు 20,000 రూపాయలుగా నిర్ణయించారు. అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి విద్యా దీవెన విడతలను పాత చిత్తూరు జిల్లా గడ్డ మీదే మూడుసార్లు విడుదల చేశారు: తిరుపతిలో 2022 మే 5న 709 కోట్లు, మదనపల్లెలో అదే ఏడాది నవంబరు 30న 694 కోట్లు, నగరిలో 2023 ఆగస్టు 28న 680 కోట్లు. 2024లో వచ్చిన ప్రభుత్వం పథకానికి పోస్ట్‌మెట్రిక్ ఉపకార వేతనాలన్న పాత పేరే పెట్టి, ఫీజు మళ్లీ కాలేజీల ఖాతాలకే అంది.

ఎస్సీ విద్యార్థుల లెక్క వేరు. 2020–21 నుంచి ఖర్చులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రానిది 40. కేంద్రం వాటా ఆధార్‌తో ముడిపడిన విద్యార్థి సొంత ఖాతాలో పడుతుంది. కుటుంబ వార్షికాదాయం రెండున్నర లక్షలు దాటకూడదు.

తల్లి ఖాతా పద్ధతి ఇంట్లో ఆమె మాటకు విలువ పెంచిన మాట నిజమే. కానీ విడత ఆలస్యమైతే ఏ పద్ధతిలోనైనా చిక్కు ఒక్కటే: ఫీజు బాకీ చూపి కాలేజీ టీసీ, మార్కుల జాబితా ఆపుతుంది, ఉద్యోగానికి పిలుపు వచ్చిన పిల్లాడు అప్పు చేసి కట్టి తెచ్చుకుంటాడు. ఈ పథకంలో ముందు సరిచేయవలసింది ఖాతా కాదు, విడుదల తేదీ.