రెండు రాజ్యాలు కాదన్న నటి

1928 ఆగస్టు నెలాఖరు. బెర్లిన్‌లో స్ప్రే నది పక్కనున్న షిఫ్‌బావర్‌డామ్ థియేటర్‌లో రిహార్సల్ అర్ధరాత్రి దాటినా తెమలడం లేదు. 31న కొత్త నాటకం తొలి ప్రదర్శన. పేరు ‘త్రీపెన్నీ ఒపేరా’. రాసింది బెర్టోల్ట్ బ్రెక్ట్, బాణీలు కట్టింది కుర్ట్ వైల్. థియేటర్‌ని కొత్తగా లీజుకు తీసుకున్న నిర్మాత ఔఫ్రిష్ట్‌కి నిద్ర పట్టడం లేదు. నాటకం నిలుస్తుందన్న నమ్మకం ఎవరికీ లేదు.

కథానాయిక పాలీ వేషం 27 ఏళ్ల కరోలా నేహర్‌ది. ఆమె భర్త, కవి క్లాబుండ్, ఆ నెల 14నే స్విట్జర్లాండ్‌లోని దావోస్‌లో క్షయతో కన్నుమూశాడు. ఆయనకు అప్పటికి 37 ఏళ్లు. చివరి రోజుల్లో ఆయన మంచం దగ్గర ఉండాలని రిహార్సల్ వదిలి వెళ్లిన కరోలా, ఆయన పోయాక తిరిగి వచ్చింది. వచ్చి చూసుకుంటే తన పాత్రకు కత్తెర పడింది.

ఆమె ఊరుకోలేదు. దర్శకుడి బల్ల దగ్గరే కూర్చుని, పోయిన మాటలు తిరిగి ఇమ్మంది. బ్రెక్ట్ కూడా పక్కనే కూర్చుని పాలీకి కొత్త సంభాషణలు రాయసాగాడు. వేదిక మీద మిగతా నటులు ఎదురుచూస్తూ నిలబడ్డారు. గంటలు గడిచాయి. ఓపికలు నశించాయి. మాటా మాటా పెరిగింది. కరోలా నాటకం వదులుకుని వెళ్లిపోయింది.

నాలుగే రోజుల్లో పాత్ర నేర్చుకుని రోమా బాన్ అనే నటి పాలీగా వేదిక ఎక్కింది. ఆ రాత్రి జర్మన్ నాటకరంగంలో చరిత్రగా నిలిచింది. ఎవరిని మనసులో పెట్టుకుని ఆ పాత్ర సిద్ధం చేశారో, ఆమె మాత్రం అక్కడ లేదు.

బ్యాంకు గుమాస్తా వేదిక ఎక్కింది

కరోలా 1900 నవంబర్ 2న మ్యూనిక్‌లో పుట్టింది. తండ్రి సంగీతకారుడు. ఆమె నటన బడికి వెళ్లి నేర్చుకోలేదు. ముందు బ్యాంకులో గుమాస్తాగా పనిచేసింది. 1920లో ఆ కొలువు వదిలి బాడెన్‌బాడెన్ నాటకశాలలో చిన్న వేషాలతో మొదలుపెట్టింది. అక్కడి నుంచి మ్యూనిక్, తర్వాత బ్రెస్లావ్.

అప్పటికే పేరున్న క్లాబుండ్‌కి ఆరోగ్యం అంతంత మాత్రం. 1925లో ఆయన, కరోలా పెళ్లి చేసుకున్నారు. అదే ఏడాది ఆయన రాసిన ‘సుద్ద వలయం’ నాటకం జర్మనీ అంతటా ఆడింది. పాత చైనా కథ అది. ఒక బిడ్డను ఇద్దరు ఆడవాళ్లు నా బిడ్డంటే నా బిడ్డంటారు. తీర్పరి నేల మీద సుద్దతో వలయం గీసి, బిడ్డను మధ్యలో నిలబెట్టి, చెరో చేయి పట్టి లాగమంటాడు. బిడ్డకు నొప్పి పుడుతుందని చేయి వదిలేసినదే అసలు తల్లి. ఆ తల్లి హైతాంగ్ పాత్రను కరోలా పోషించింది. 1944లో అమెరికాలో ఉండగా బ్రెక్ట్ ఈ కథనే తీసుకుని ‘కాకసస్ సుద్ద వలయం’ రాశాడు.

1926 నుంచి ఆమె మకాం బెర్లిన్. పొట్టి జుట్టు, చురుకైన కళ్లు, ఎవరికీ తలవంచని తీరు. సబ్రీ మాహిర్ అనే టర్కీ శిక్షకుడి దగ్గర బాక్సింగ్ నేర్చుకుంది. చేతులకు గ్లోవ్స్ తొడుక్కుని ఆయన ఎదుట నిలబడిన ఆమె ఫొటోలు ఆనాటి కొత్త స్త్రీకి గుర్తుగా నేటికీ అచ్చవుతుంటాయి.

వదిలేసిన పాత్రే వెతుక్కుంటూ వచ్చింది

వదులుకున్న పాలీ పాత్ర ఆమెను వదల్లేదు. తర్వాతి రోజుల్లో అదే థియేటర్‌లో, అదే నాటకంలో ఆమె పాలీగా నటించింది. ఆ పాటలు ఆమె గొంతుతో గ్రామఫోను రికార్డులుగా వచ్చాయి. 1929 సెప్టెంబర్‌లో బ్రెక్ట్ బృందం ‘హ్యాపీ ఎండ్’ ఆడితే, వీధుల్లో దైవప్రచారం చేసే లిలియన్ పాత్ర ఆమెదే. చివరి అంకంలో తోటి నటి హెలెన్ వైగెల్ కమ్యూనిస్టు కరపత్రం చదవడంతో హాల్లో గోల మొదలై, కొద్ది ప్రదర్శనలకే నాటకం మూతపడింది. అందులో కరోలా పాడిన ‘సురబాయా జానీ’ మాత్రం బతికింది.

అప్పుడే టాకీలు వచ్చాయి. నెరో సంస్థ ‘త్రీపెన్నీ ఒపేరా’ను సినిమాగా తీయాలని దర్శకుడు జి.డబ్ల్యు. పాబ్‌స్ట్‌ను పిలిచింది. తన ఉద్దేశం చెడగొట్టారని బ్రెక్ట్ 1930లో కోర్టుకెక్కాడు, ఓడిపోయాడు. డబ్బింగ్ ఇంకా స్థిరపడని కాలం కాబట్టి జర్మన్ చిత్రంతో పాటే, అవే సెట్లలో, వేరే నటులతో ఫ్రెంచ్ చిత్రం కూడా తీశారు. జర్మన్ పాలీ కరోలా. 1931 ఫిబ్రవరిలో బెర్లిన్‌లో విడుదలైంది.

సినిమా కోసం కథ మారింది. దొంగల నాయకుడు మెకీ పోలీసుల నుంచి తప్పించుకుపోవాల్సి రాగానే అతని కొత్త పెళ్లాం పాలీ ముఠాను చేతిలోకి తీసుకుంటుంది. దోచుకోవడం కంటే బ్యాంకు పెట్టుకోవడం లాభమని తేల్చి, దొంగలకు సూట్లు తొడిగి డైరెక్టర్ల కుర్చీల్లో కూర్చోబెడుతుంది. పెళ్లి విందులో సిగ్గుపడుతూ పాడిన పిల్లే బ్యాంకు బల్ల వెనక లెక్క తప్పని యజమానురాలిగా కనిపిస్తుంది. ఒకప్పుడు బ్యాంకు గుమాస్తాగా బతికిన నటికి ఆ కుర్చీ కొత్తేమీ కాదు.

అదే ఏడాది నవంబర్ 2న, సరిగ్గా ఆమె పుట్టినరోజున, ఓడోన్ ఫాన్ హోర్వాట్ రాసిన ‘వియన్నా అడవి కథలు’ తొలి ప్రదర్శన జరిగింది. అందులో దగాపడిన అమ్మాయి మారియాన్నే ఆమే. 1932 ఏప్రిల్‌లో బ్రెక్ట్ నాటకం ‘కబేళాల సెయింట్ జోన్’ను బెర్లిన్ రేడియో ప్రసారం చేసినప్పుడు జోన్ గొంతు కూడా ఆమెదే. 31 ఏళ్లకే ఆమె వేదిక, తెర, రికార్డు, రేడియో అన్నీ చూసేసింది.

కొంప విడిచి మాస్కోకి

1932లో ఆమె ఇంజనీరు అనతోల్ బెకర్‌ను పెళ్లాడింది. అతను కమ్యూనిస్టు. 1933లో హిట్లర్ గద్దెనెక్కాడు. ‘త్రీపెన్నీ ఒపేరా’ సినిమాపై నిషేధం పడింది. భార్యాభర్తలు వియన్నా, ప్రాగ్ మీదుగా 1934లో మాస్కో చేరారు. ఆ ఏడాది నవంబర్‌లో నాజీ ప్రభుత్వం ఆమె జర్మన్ పౌరసత్వం రద్దు చేసింది. ఏడాది చివర్లో మాస్కోలో కొడుకు పుట్టాడు. తల్లికి దేశం లేకుండా పోయిన రోజులవి.

మాస్కోలో ఆమెకు చెప్పుకోదగ్గ వేషం దొరకలేదు. బెర్లిన్ నుంచి పారిపోయి వచ్చిన కళాకారులంతా అప్పటికే ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటున్నారు. పరాయి దేశపు కమ్యూనిస్టుల మీద స్టాలిన్ పోలీసుల కన్ను పడింది. తోటి ప్రవాసుల్లోనే ఆమెకు వ్యతిరేకంగా వాంగ్మూలం ఇచ్చినవారున్నారు. 1936 జూలై 25న ఆమెను అరెస్టు చేశారు. స్టాలిన్ ప్రత్యర్థి ట్రాట్‌స్కీ వర్గం తరఫున ప్రాగ్ నుంచి ఉత్తరాలు మోసిందన్నది అభియోగం. 1937 మార్చిలో 10 ఏళ్ల శిక్ష వేశారు. అదే ఏడాది బెకర్‌ను కాల్చి చంపారు. ఆమె అరెస్టయ్యేనాటికి రెండేళ్లు కూడా నిండని పసివాడిని అనాథాశ్రమానికి పంపారు.

ఇక్కడ బ్రెక్ట్ సంగతి చెప్పుకోవాలి. 1937లో ఆయన రచయిత ఫాయిష్ట్‌వాంగర్‌కి ఉత్తరం రాసి, కరోలా గురించి ఏమైనా తెలిస్తే చెప్పమన్నాడు. స్టాలిన్‌ని స్వయంగా కలిసి వచ్చిన ఫాయిష్ట్‌వాంగర్, ఆమె జైల్లో ఉందని, భర్త కుట్రలో ఇరుక్కుందట అని జవాబిచ్చాడు. బ్రెక్ట్ ఆమెపై కవిత రాసుకున్నాడు. బహిరంగంగా మాత్రం పెదవి విప్పలేదు.

ఒక తల్లి ఉత్తరం

1940 మొదట్లో మాస్కోలోని బుతీర్కా జైల్లో మార్గరెటె బూబర్ నోయమన్ అనే ఖైదీ కరోలాను చూసింది. స్టాలిన్‌కీ హిట్లర్‌కీ స్నేహం కుదిరిన కాలం. ఆ ఫిబ్రవరిలో మార్గరెటెతో పాటు కొందరు జర్మన్ ఖైదీలను సరిహద్దు దాటించి నాజీలకు అప్పగించారు. కరోలాను ఆ జాబితాలో చేర్చలేదు. మార్గరెటె నాజీ శిబిరం నుంచి ప్రాణాలతో బయటపడి, తర్వాత ఈ సంగతులన్నీ పుస్తకంగా రాసింది.

1941లో కరోలా జైలు నుంచి పిల్లల ఆశ్రమానికి ఒక ఉత్తరం రాసింది. అందులో ఫిర్యాదు లేదు. బిడ్డ ఎంత ఎత్తు పెరిగాడు, ఎంత బరువున్నాడు, చదవడం రాయడం వచ్చిందా, పాటలంటే ఇష్టమా, బొమ్మలు గీస్తాడా, అమ్మంటూ ఒకామె ఉందని వాడికి తెలుసా అని అడిగింది. సుద్ద వలయం కథలో తల్లి చేయి వదిలితే ఆ ప్రేమను గుర్తుపట్టే తీర్పరి ఉన్నాడు. నిజజీవితంలో బిడ్డను లాక్కున్నదీ తీర్పు చెప్పినదీ ఒక్కరే.

జర్మన్ సేనలు దూసుకొస్తుంటే ఖైదీలను తూర్పుకు తరలించారు. ఒరెన్‌బర్గ్ ప్రాంతంలోని సోల్ ఇలెత్స్క్ జైల్లో 1942 జూన్ 26న కరోలా నేహర్ టైఫస్ జ్వరంతో చనిపోయింది. ఆమెకు 41 ఏళ్లు. 1959లో సోవియట్ న్యాయస్థానం ఆమె నిర్దోషి అని ప్రకటించింది.

ఆశ్రమంలో రష్యన్ పిల్లవాడిగా పెరిగిన కొడుక్కి తన తల్లి ఎవరో 1960ల చివర్లో గానీ తెలియలేదు. 1975లో జర్మనీ వెళ్లి స్థిరపడ్డాడు. సంగీతం మాస్టారయ్యాడు.

హిట్లర్ ఆమెను దేశద్రోహి అన్నాడు, స్టాలిన్ ప్రజాద్రోహి అన్నాడు. ఆమె చేసిన నేరమల్లా తన మాట తాను చెప్పుకోవడం, తన వాటా తాను అడగడం. బెర్లిన్‌లో ఇప్పుడు ఒక వీధికి ఆమె పేరుంది. పాబ్‌స్ట్ సినిమా నేటికీ చూడటానికి దొరుకుతోంది. మన నాటకరంగంలోనూ బ్రెక్ట్ పేరు తెలియనివారు తక్కువ. సుద్ద వలయం కథ చెప్పే నాటకగురువులు, ఆ తల్లి పాత్ర కట్టిన ఈ నటి కథ కూడా విద్యార్థులకు చెప్పాలి.