కనిపించని కారణం: ఆటిజంలో భయాందోళనల అధ్యయన చరిత్ర

ఆటిజం ఉన్నవారిలో భావోద్వేగాలు మొద్దుబారి ఉంటాయన్న నమ్మకం వైద్యలోకంలో దశాబ్దాల పాటు చెలామణీ అయినా, దానికి ఎదురు సాక్ష్యం ఈ విషయంపై వచ్చిన తొలి పత్రాల్లోనే ఉంది. 1943లో అమెరికాలోని బాల్టిమోర్‌లో లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాస్తూ, వారికి మనుషులతో భావబంధం కుదరదని చెప్పిన వ్యాసంలోనే, వ్యాక్యూమ్ క్లీనర్, లిఫ్టు, పారే నీళ్లు, చివరికి గాలి కూడా వారిని హడలెత్తించేవని నమోదు చేశారు. తర్వాతివారు మొదటి మాటనే పట్టుకుని రెండోదాన్ని వదిలేశారు. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ తల్లుల నిరాదరణనే ఆటిజానికి కారణంగా ప్రచారం చేయడం ఈ చరిత్రలోకెల్లా క్రూరమైన ఘట్టం. 1977లో ఫోల్‌స్టైన్, రట్టర్‌ల కవలల అధ్యయనం జన్యుమూలాలను చూపాక ఆ వాదం నిలవలేకపోయింది.

పనిచేస్తున్న మెదడు భాగాలకు రక్తప్రసరణ పెరగడాన్ని ఆధారం చేసుకుని చిత్రించే ఎఫ్‌ఎంఆర్‌ఐ 1990లలో అందుబాటులోకి రావడంతో ప్రశ్న మెదడు వైపు మళ్లింది. భయం, కోపం, విచారం వంటి ప్రతికూల భావోద్వేగాలను పసిగట్టడంలో ముఖ్యమైనది కణతల లోపలి వైపు బాదంగింజ ఆకారంలో ఉండే అమిగ్డలా. ఎదుటివారి కళ్ల ఫొటోలు చూసి మనసు చెప్పే పరీక్షలో ఆటిజం ఉన్నవారి అమిగ్డలా తగినంత స్పందించలేదని 1999లో సైమన్ బారన్-కోహెన్ బృందం ప్రకటించింది. అయితే ఆ పరీక్షకు హాజరైన ఆటిజం ఉన్నవారు 6 మందే. 2005లో కిమ్ డాల్టన్ బృందం చూపుల దిశను కూడా కొలిచి, ఆటిజం ఉన్నవారు కళ్ల వైపు ఎంత ఎక్కువసేపు చూస్తే అమిగ్డలా అంత ఎక్కువగా చురుకెక్కుతున్నదని గుర్తించింది. అంటే చూపు తిప్పుకోవడం ఉదాసీనత కాదు, భరించలేని అలజడి నుంచి తప్పుకోవడం కావచ్చు. ఈ ఫలితం పాత చిత్రాన్ని ప్రశ్నార్థకం చేసింది.

ఈలోగా 2001లో వచ్చిన 50 ప్రశ్నల పట్టిక, నిర్ధారణ లేని సామాన్యుల్లోనూ ఆటిజం లక్షణాలు ఎక్కువ తక్కువలుగా ఉంటాయని చూపి పరిశోధన పరిధిని పెంచింది. ఆటిజంతో కలగలిసిపోయే మరో స్థితినీ పరిశోధకులు వేరుచేసి చూశారు: తన భావాన్ని తానే గుర్తించి పేరు పెట్టలేకపోవడాన్ని అలెక్సిథైమియా అంటారు. ఇతరుల నొప్పిని చూసినప్పుడు మెదడులోని ఇన్సులా స్పందన తగ్గడం ఆటిజం వల్ల కాదని, దానితో తరచు కలిసివచ్చే ఈ స్థితి వల్లనని 2010లో జెఫ్రీ బర్డ్ బృందం తేల్చింది.

తెలుగునాట ఈ కథకు కేంద్రం సికింద్రాబాద్. అక్కడ మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984లో ఏర్పడి, నేడు ఎన్‌ఐఈపీఐడీగా పిలుస్తున్న జాతీయ సంస్థ రూపొందించిన భారతీయ ఆటిజం కొలమానం 2009లో విడుదలైంది. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 70 లేదా అంతకు మించితే ఆటిజం ఉన్నట్టు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి కాబట్టి, కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ వెళ్లే వరంగల్ తల్లిదండ్రులకైనా, వరంగల్‌లోనే ఎంజీఎం ఆసుపత్రి మెట్లెక్కేవారికైనా ఈ అంకెలు కాగితం మీది లెక్కలు కావు.

ఆ కొలమానంలో భావోద్వేగ స్పందనకు ఐదు అంశాలున్నాయి. వాటిలో ఒకటి, పైకి కనిపించే కారణమేదీ లేకుండా ఉద్రేకపడటం. కనిపించడం అన్నది ఇక్కడ చూసేవారి కంటికి సంబంధించిన మాట. సద్దుల బతుకమ్మ నాడు హనుమకొండ పద్మాక్షి గుట్ట దగ్గర మైకు మోగుతుంటే చెవులు మూసుకుని నేల మీద పొర్లే పిల్లవాణ్ని మొండివాడనే జనం, మైకు ఆగగానే వాడు మెల్లగా చేతులు దించడాన్ని చూడరు. పక్కన కూర్చున్న తల్లి చూస్తుంది. మార్కులు వేసేవారు ముందుగా అడగవలసింది ఆమెనే.